మూడో వరుస, నాలుగో కారు

నిజానికి ఆ రోజు ఆవిడ ఆ హాల్లో ఉండాల్సిన మనిషే కాదు.

కౌన్సిల్ ఆఫీసులో సమావేశాల రికార్డు రాయడం ఆవిడ ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. ఎవరెంత గబగబా మాట్లాడినా ఒక్క ముక్క పోకుండా టైపు కొట్టేస్తుంది. అందుకే బంట్రోతు దగ్గర్నుంచి కమిషనర్ దాకా అందరికీ ఆవిడ రికార్డమ్మే. మామూలుగా ఆవిడ కూర్చునేది రెండో అంతస్తులో, రోడ్లు, మురుగుకాలవల కమిటీ గదిలో. అక్కడ మాటలన్నీ గుంతల గురించీ గొట్టాల గురించీ. బల్లలు గుద్ది అరిచేవాళ్ళు ఉంటారు గానీ కంటతడి పెట్టేవాళ్ళు ఉండరు. ఆవిడకి ఆ గదే హాయి.

కింద హాల్లో నివాసాల కమిటీకి రాసే ఆవిడ ముందురోజు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. పొద్దున్నే సెక్షన్ ఆఫీసరు వచ్చి, "రికార్డమ్మగారూ, ఈ ఒక్కపూట కిందికి వెళ్ళి పుణ్యం కట్టుకోండి. జనం అభిప్రాయాలు వినే రోజు. మనిషికి మూడు నిమిషాలు. మధ్యాహ్నానికి వదిలేస్తారు" అన్నాడు.

విషయం ఆవిడకి కొత్తదేం కాదు. ఇళ్ళు లేనివాళ్ళ కోసం కౌన్సిల్ కేటాయించే నిధులు వచ్చే ఏడాది దేనికి ఖర్చు పెట్టాలన్న ప్రతిపాదన అది. దాని శుభ్రమైన ప్రతి పోయిన నెల ఆవిడే టైపు చేసింది. అందులో ముఖ్యమైన సంగతులు రెండు. ఒకటి, బస్సు డిపో వెనక ఉన్న పార్కింగ్ స్థలం మూసెయ్యడం. ఇల్లు లేక తమ కార్లలోనే బతుకుతున్నవాళ్ళు రాత్రిపూట అక్కడ బళ్ళు పెట్టుకోవచ్చని రెండేళ్ళ కిందట కౌన్సిలే తెరిచిన స్థలం అది. ఓ కుళాయి, నాలుగు మరుగుదొడ్లు, ఒక కాపలా మనిషి, అంతే. రెండోది, అలా మిగిలిన డబ్బుతో కొత్త పథకం. ఊళ్ళో అమ్మో నాన్నో అన్నో అక్కో ఉన్నవాళ్ళని ఇక ఇల్లు లేనివాళ్ళ లెక్కలో వెయ్యరు. షెల్టర్లో మంచం ఇవ్వరు. సొంతవాళ్ళకి ఫోన్ చేసి వాళ్ళ దగ్గరికే పంపేస్తారు.

టైపు చేస్తున్నప్పుడు రికార్డమ్మకి ఆ మాట భలే నచ్చింది. "మంచి పని చేస్తున్నారండీ. కన్నవాళ్ళు బతికుండగా కార్లలో పడుకోవడమేంటి, విడ్డూరం కాకపోతే!" అని సెక్షన్ ఆఫీసరుతో అంది కూడా.

పదింటికి హాలు నిండిపోయింది. ఎత్తు వేదిక మీద ఐదుగురు కౌన్సిలర్లు. మధ్యలో అధ్యక్షురాలు, గొలుసుకి వేలాడే కళ్ళజోడుతో. కింద, మైకుకి ఎదురుగా, రికార్డమ్మ చిన్న బల్ల. మాట్లాడడానికి వచ్చినవాళ్ళకి టోకెన్లిచ్చారు. మైకు ముందుకి రాగానే రికార్డమ్మ చిరునామా అడగాలి. ఊళ్ళో ఉండేవాళ్ళకే మాట్లాడే హక్కు అని రూలు. చిరునామా ఎక్కితేనే మాట రికార్డుకెక్కుతుంది.

డిపో పక్క వీధిలో టైర్ల కొట్టు ఆయన వచ్చి, పొద్దున్నే తన షట్టరు ముందు జనం పళ్ళు తోముకుంటున్నారని మొరపెట్టుకున్నాడు. షెల్టర్ వార్డెన్ వచ్చి, ఉన్న మంచాలకి రెండింతల మంది గుమ్మంలో నిలబడుతున్నారని చెప్పింది. ఒక పెద్దాయన మూడు నిమిషాలూ దగ్గుతోనే గడిపేశాడు. రికార్డమ్మ 'దగ్గు' అని బ్రాకెట్లో రాసింది. ఇలా పదిమంది అయ్యారు.

"టోకెన్ పదకొండు" అన్నాడు బంట్రోతు.

రికార్డమ్మ తల ఎత్తకుండానే అంకె కొట్టి, "చిరునామా చెప్పండి" అంది.

"మిమ్మల్నేనండీ, చిరునామా" అంటూ తలెత్తింది.

ఎదురుగా ఆస్పత్రి తెల్లకోటులో తన కూతురు.

ఇరవై ఏడేళ్ళ పిల్ల. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదని వాళ్ళ నాన్న 'పిచ్చుక' అని పిలిచేవాడు. ఆయన పోయాక కూడా ఇంట్లో ఆ పిలుపే ఉండిపోయింది. పెద్దాస్పత్రిలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఊరి అవతల ఆడపిల్లల హాస్టల్లో గది తీసుకుని ఉంటోందని రికార్డమ్మ చుట్టుపక్కల వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంటుంది.

ఆస్పత్రి తరఫున మాట్లాడ్డానికి పంపినట్టున్నారు అనుకుంది రికార్డమ్మ. పెదాల మీదికి నవ్వు కూడా వచ్చేసింది. కానీ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. మైకు రాడ్డుని రెండు చేతులతో పట్టుకుంది.

"బస్సు డిపో వెనక పార్కింగ్ స్థలం" అంది పిచ్చుక. మైకు కాస్త దగ్గరికి లాక్కుంది. "మూడో వరుస. గోడవైపు నుంచి నాలుగో కారు."

రికార్డమ్మ వేళ్ళు అలవాటు ప్రకారం ఆ మాటలన్నీ కొట్టేశాయి. తెర మీద అక్షరాలు కనబడ్డాక, వాటిని చదువుకున్నాక, అప్పుడు తగిలింది ఆవిడకి. చెవుల్లో హోరుమంది. హాలంతా ఎక్కడో దూరంగా జరిగిపోయినట్టయింది. నాలుగో కారు, నాలుగో కారు అని మనసులో అనుకుంటోంది గానీ ఆ మాటకి అర్థమేంటో అందడం లేదు.

అధ్యక్షురాలు కళ్ళజోడు పెట్టుకుంది. "అది చిరునామా కాదమ్మా. వీధి పేరు, ఇంటి నంబరు కావాలి."

"నాకున్నది అదేనండి."

"చిరునామా లేకుండా మాట్లాడితే రికార్డుకెక్కదు. రూలు. నేను పెట్టింది కాదు."

"ఇళ్ళు లేనివాళ్ళ గురించి మాట్లాడాలన్నా ఇల్లుండాలన్నమాట!" అని వెనక వరుసలో ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. బంట్రోతు పన్నెండో టోకెన్ పిలవడానికి నోరు తెరిచాడు.

అప్పుడు రికార్డమ్మ లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలీదు. ఇరవై ఆరేళ్ళలో చిరునామా అడగడానికి తప్ప ఆ గొంతు ఏ సమావేశంలోనూ లేచింది లేదు.

"మేడమ్, ఆ అమ్మాయి చిరునామా నాకు తెలుసు" అంది. వీధి పేరు, ఇంటి నంబరు, రెండో అంతస్తు, అంతా గడగడా చెప్పేసింది. "మా ఇల్లు. ఆమె నా కూతురు."

అధ్యక్షురాలు రికార్డమ్మని చూసింది, పిల్లని చూసింది, మళ్ళీ రికార్డమ్మని చూసింది.

ముందుగా మాట వచ్చింది చివర కుర్చీలో ఉన్న కుర్ర కౌన్సిలర్‌కి. కొత్త పథకం అతని బుర్రలో పుట్టిందే. "చూశారా! నేను మొదట్నుంచీ చెబుతోంది ఇదే. తల్లి ఉంది, ఇల్లుంది. దీన్ని ఇల్లు లేకపోవడం అనరు. అలక అంటారు" అన్నాడు హుషారుగా.

"అమ్మా, ఆ చిరునామా రాయకు" అంది పిచ్చుక.

రికార్డమ్మ ఇంకా నిలబడే ఉంది.

"రాయకమ్మా. నీ ఇంటి నంబరు అక్కడ ఎక్కితే నేను ఇంక లెక్కలో ఉండను. నేను చెప్పిందే ఉంచు."

పోయిన నెల తనే కొట్టిన వాక్యం రికార్డమ్మ కళ్ళముందు కదిలింది. సొంతవాళ్ళున్నవాళ్ళని లెక్కలో వెయ్యరు. కుర్చీ తడుముకుంటూ కూర్చుంది. తెర మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అయినా తెర మీద ఉన్నదాన్ని అలాగే వదిలేసింది.

ఐదుగురిలో అందరికన్నా వయసు మళ్ళిన కౌన్సిలరొకాయన, ఎప్పుడూ కునికిపాట్లు పడేవాడు, "మాట్లాడనివ్వండి. రూలు సంగతి తరవాత చూసుకుందాం" అన్నాడు. అధ్యక్షురాలు తల ఊపింది. మూడు నిమిషాల లెక్కకి పచ్చ లైటు వెలిగింది.

"నేను రక్తపరీక్షలు చేస్తానండి" అని మొదలుపెట్టింది పిచ్చుక. "మీలో ఒకరిద్దరికి నేనే సూది గుచ్చి ఉంటాను. అప్పుడెవరూ నా చిరునామా అడగలేదు."

ఎవరూ నవ్వలేదు.

"మా అమ్మ ఇల్లు రెండు గదులు. అమ్మ, అన్నయ్య, వదిన, కవలపిల్లలు. పిల్లలు పుట్టాక నేను వంటగదిలో పడుకునేదాన్ని. పొద్దున్నే డ్యూటీ. పాలు కాయడానికి ఎవరొచ్చినా నా మీదనుంచి దాటి వెళ్ళాలి. అందుకని బయటికొచ్చాను. మా అమ్మ నన్ను వెళ్ళమనలేదు."

రికార్డమ్మ వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. వెళ్ళమంది. ఏడాది కిందట, పిల్లలిద్దరూ ఒకేసారి ఏడుస్తుంటే, పొయ్యి మీద ఏదో మాడిపోతుంటే, విసుగెత్తి, "నీకేం, ఉద్యోగం ఉంది, ఎక్కడైనా గది చూసుకోరాదూ" అంది. ఆ మాట తనకి గుర్తుంది. 'మా అమ్మ నన్ను వెళ్ళమనలేదు' అని కొట్టింది. అబద్ధమని తెలిసీ ఆవిడ రికార్డుకెక్కించిన మొదటి మాట అది.

"హాస్టల్లో ఉన్నది అయిదు నెలలు. తర్వాత ఆ బిల్డింగు అమ్మేశారు. ఎక్కడికెళ్ళినా ఆరునెలల అద్దె ముందే కట్టమంటున్నారు. నెలనెలా కట్టగలను. ఆరునెలలది ఒక్కసారి తేలేను. ల్యాబులో సీనియర్ పాతకారు అమ్ముతుంటే వాయిదాల మీద తీసుకున్నాను. అందులోనే ఏడు నెలలుగా ఉంటున్నాను. మా స్థలంలో నలభై పైగా బళ్ళున్నాయి. సగం మంది పొద్దున్న లేచి ఉద్యోగాలకే వెళతారు. కుళాయి, దొడ్లు, కాపలా ఉన్నాయి కాబట్టి మనుషుల్లా తయారై వెళుతున్నాం. అది మూసేస్తే ఏదో వీధిలో పెట్టుకోవాలి. ఆడపిల్లని, కారులో ఒక్కదాన్ని. అది మీరే ఆలోచించండి."

పసుపు లైటు వెలిగింది. ఆమె వేగం పెంచింది.

"మీరు ఫోన్ చేస్తే మా అమ్మ వెంటనే పంపించెయ్యండి అంటుంది. ఎక్కడ పడుకోబెడతావని మీరు అడగరు కదా. షెల్టర్లో మంచం కూడా నాకొద్దండి, నాకన్నా కష్టంలో ఉన్నవాళ్ళకివ్వండి. ఆ ముందు కట్టే అద్దె ఒక్కటీ అప్పుగా ఇప్పించండి. నెలనెలా నా జీతంలో కోసుకోండి. నాలాంటివాళ్ళు సగం మంది ఆ స్థలం ఖాళీ చేసేస్తారు."

ఎర్రలైటు వెలిగింది. ఎవరూ ఆపలేదు. కుర్ర కౌన్సిలర్ మాత్రం ముందుకి వంగాడు. ఈసారి గొంతులో హుషారు తగ్గింది. "మీ అమ్మగారికి ఎందుకు చెప్పలేదమ్మా?"

పిచ్చుక తల్లివైపు చూడలేదు. "చెబితే ఆవిడకీ నిద్రుండదు. ఇంట్లో ఒక్కరైనా నిద్రపోవాలి కదండీ" అంది.

రికార్డమ్మ అది కూడా కొట్టింది.

విరామం ఇవ్వగానే వరండాలోకి పరిగెత్తింది. పిచ్చుక కిటికీ దగ్గర గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పిల్లని గుండెలకి హత్తుకోవాలో చెంప పగలగొట్టాలో ఆ తల్లికి తెలీలేదు.

"ఏడు నెలలు! ప్రతి ఆదివారం వచ్చి నా ఎదురుగా కూర్చుని భోంచేశావు. మూట బట్టలు తెచ్చి ఉతుక్కున్నావు. గంటసేపు స్నానం చేస్తుంటే, మీ హాస్టల్లో నీళ్ళు రావేంటే అని నేను వేళాకోళం ఆడాను. నువ్వు నవ్వావు. ఎలా నవ్వావే?"

"నువ్వు రోడ్ల కమిటీలో ఉంటావు కదా అనే ఇవాళ వచ్చాను. నువ్వుంటావని తెలిస్తే రాకపోదును."

"నేను వెళ్ళమనలేదని ఎందుకు చెప్పావు? అన్నాను కదా. నా నోటితో నేనే అన్నాను."

"అన్నావా? నాకు గుర్తులేదమ్మా" అంది పిచ్చుక. ఆ పిల్లకి గుర్తుందని ఇద్దరికీ తెలుసు. ల్యాబుకి ఆలస్యమవుతోందని పిచ్చుక వెళ్ళిపోయింది. రికార్డమ్మ మొహం కడుక్కుని లోపలికొచ్చి మిగతా తొమ్మిది మంది మాటలూ రాసింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది. కొడుకు చేతిలో ఉన్న పాలసీసా అలాగే పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. "పోయిన నెల దాని కారు నేనే కడిగాను. వెనక సీట్లో దుప్పట్లేంటే అంటే, స్నేహితురాళ్ళతో షికారు వెళ్ళొచ్చానంది. నమ్మేశాను" అన్నాడు. కోడలు ఏడుస్తూనే ఆడపడుచుని అప్పటికప్పుడు తీసుకురమ్మని భర్తని తరిమింది.

పిచ్చుక వచ్చింది. పది రోజులుంది. ఆ పది రోజుల్లో ఆ రెండు గదులూ ఒక్క అంగుళం పెరగలేదు. రికార్డమ్మ తన మంచం ఇస్తానంటే కూతురు ఒప్పుకోదు, కూతుర్ని వంటగదిలో పడుకోబెట్టడానికి తల్లి ఒప్పుకోదు. చివరికి ఇద్దరూ వంటగదిలోనే పడుకున్నారు. పిల్లలకి జ్వరాలొచ్చాయి. రాత్రంతా ఏడుపులు. తొమ్మిదోరోజు ల్యాబులో పిచ్చుక ఒకరి రక్తం సీసా మీద ఇంకొకరి చీటీ అంటించబోయి ఆఖరి క్షణంలో చూసుకుంది. మర్నాడు పొద్దున్నే బట్టలు సర్దుకుంది. "అక్కడైతే నాకు నిద్రపడుతుందమ్మా" అంది.

రికార్డమ్మ ఆపలేదు. వెంట వెళ్ళింది. మొదటిసారి తెలియక మాటతో పంపింది; ఈసారి తెలిసి, కన్నకూతుర్ని తనే తీసుకెళ్ళి ఒక పార్కింగ్ స్థలంలో దిగబెట్టింది.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. పక్కకారు ఆయన బానెట్ మీద తువ్వాలు పరిచి బొగ్గుల పెట్టెతో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఒకప్పుడు డ్రైవింగు నేర్పేవాడట, అందరూ మాస్టారు అంటారు. "మీరేనా అమ్మగారు? మీ అమ్మాయి మా అందరికీ బీపీ చూస్తుందండి, చెప్పిన మాట వినకపోతే తిడుతుంది కూడా" అన్నాడు మర్యాదగా. ఎవరో ఒకావిడ అద్దంలో చూసుకుంటూ జడ వేసుకుంటోంది. కొన్ని కార్లలో స్కూలు బ్యాగులు కూడా కనబడ్డాయి.

కుళాయి దగ్గర ఒకతను పళ్ళు తోముకుంటూ ఇటు తిరిగాడు. రికార్డమ్మ అతన్ని గుర్తుపట్టింది. తమ ఆఫీసులోనే, కింద పన్నుల కౌంటర్లో కూర్చునే గుమస్తా. పదకొండేళ్ళుగా రోజూ "నమస్కారం రికార్డమ్మగారూ" అనే మనిషి. ఇంటి పన్ను రసీదులు రాసేది అతనే. నోట్లో నురగతో అలాగే కొయ్యబారిపోయాడు.

"ఆఫీసులో..." అన్నాడు ఎట్టకేలకు.

"నేనెవర్నీ చూళ్ళేదు బాబూ" అంది రికార్డమ్మ. బస్సెక్కి కూర్చున్నాక గానీ ఆవిడకి ఏడుపు రాలేదు.

రెండు వారాల తర్వాత కమిటీ మళ్ళీ కూర్చుంది. మణికట్టు విరిగినావిడ ఇంకా సెలవులోనే ఉంది. సమావేశం మధ్యలో లేచి మాట్లాడినందుకు రికార్డమ్మకి మెమో ఇచ్చి, మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఈసారి మొదటి టోకెన్ పన్నుల గుమస్తాది. చొక్కా మడత నలగకుండా వచ్చి మైకు ముందు నిలబడ్డాడు. "చిరునామా చెప్పండి" అంది రికార్డమ్మ. అతను చెప్పాడు. రెండో వరుస, చెట్టు కింద. ఎత్తు మీద కూర్చున్న ఐదుగురూ అతన్ని గుర్తుపట్టారు. కుర్ర కౌన్సిలర్ తల దించుకున్నవాడు మళ్ళీ ఎత్తలేదు.

పూర్తిగా గెలిచారని చెప్పడానికి లేదు. పార్కింగ్ స్థలం ఇంకో ఏడాది ఉంచారు. చిరునామా లేకపోయినా మాట్లాడవచ్చని, వయసు మళ్ళిన కౌన్సిలర్ పట్టుబట్టి రూలు మార్పించాడు. ముందు కట్టే అద్దె అప్పుగా ఇవ్వడానికి కొంత నిధి పక్కన పెట్టి, ముందుగా ముప్పై మందికి ఇచ్చి చూద్దామన్నారు. సొంతవాళ్ళున్నవాళ్ళకి షెల్టర్లో మంచం లేదన్న వాక్యం మాత్రం ఒక్క ఓటు తేడాతో అలాగే నిలబడింది. రికార్డమ్మ దాన్ని మళ్ళీ శుభ్రంగా టైపు చేసింది. ఈసారి ఎవరితోనూ మంచి పథకమని అనలేదు.

మొదటి ముప్పై మందిలో పిచ్చుక లేదు. పిల్లలున్నవాళ్ళకే ముందు ఇచ్చారు, ఇవ్వాల్సిందే. అయిదు నెలల తర్వాత రెండో జాబితాలో వచ్చింది. ఆస్పత్రికి దగ్గర్లోనే, మేడ మీద ఒక గది. ఒక కిటికీ, ఒక మంచం, గడియ ఉన్న తలుపు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం రికార్డమ్మ చూడ్డానికి వెళ్ళింది. అమ్మ వస్తుందని గడియ వెయ్యకుండానే, పొద్దున డ్యూటీ చేసొచ్చిన పిచ్చుక ఆదమరిచి నిద్రపోతోంది. పెద్ద మంచం. అంత మంచం మీదా ఒక మూలకి, గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని పడుకుని ఉంది. ముందు సీటు అడ్డం వస్తుందన్నట్టు ఒక చెయ్యి ముందుకి పెట్టుకుంది.

రికార్డమ్మ మంచం అంచున కూర్చుని, పిల్ల పాదం పట్టుకుని మెల్లగా కిందికి లాగింది. పిల్ల కాలు చాచింది. చెయ్యి తీయగానే మళ్ళీ ముడుచుకుంది. మళ్ళీ లాగింది. ఈసారి చెయ్యి తియ్యలేదు. ఆ పాదం అలాగే పట్టుకుని, పిల్ల లేచేదాకా కూర్చుంది.